ఒక్క నమూనాతో తీర్పు: ఆదోని – ఎమ్మిగనూరు ప్రాంత జీవనం, విడాల్ పరీక్ష

కీలకపదాలు: టైఫాయిడ్, విడాల్ పరీక్ష, ప్రతిరక్షకాలు, బ్లడ్ కల్చర్, ఆదోని, ఎమ్మిగనూరు, వలస.

1. ఉపోద్ఘాతం:
టైఫాయిడ్ అనుమానం కలిగినప్పుడు చిన్న పట్టణాలలో చేసే రక్తపరీక్షలలో విడాల్ పరీక్ష అత్యంత పరిచితమైనది. దాని విశ్వసనీయతను ప్రయోగశాలతోపాటు రోగి జీవనస్థితి కూడా ఎలా నిర్ణయిస్తుందో పశ్చిమ కర్నూలు నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పరీక్ష ఆవిర్భావం:
టైఫాయిడ్ సూక్ష్మజీవిని 1880లో ఎబెర్త్ గుర్తించగా, 1884లో గాఫ్కీ ప్రయోగశాలలో పెంచాడు. రోగనిరోధకత పొందిన జీవి సీరం సూక్ష్మజీవులను గుంపుకట్టిస్తుందని 1896లో గ్రూబర్, డర్హమ్ వెల్లడించారు. అదే సంవత్సరం పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ ఈ ధర్మాన్ని రోగనిర్ధారణకు వినియోగించాడు.

ఈ పరీక్ష సూక్ష్మజీవిని చూపదు. దానికి ప్రతిగా శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలను చూపుతుంది. జ్వరం తొలిరోజులలో అవి తగినంతగా ఉండకపోవచ్చు. పాత జ్వరం వల్లనో, టీకా వల్లనో, ఇతర సాల్మొనెల్లాల వల్లనో కూడా అవి కనిపించవచ్చు. అందువల్లనే 10–14 రోజుల వ్యవధిలో రెండు నమూనాలు తీసి, ప్రతిరక్షకాల స్థాయి నాలుగు రెట్లు పెరిగిందో లేదో చూడాలనే నియమం ఏర్పడింది.

3. ప్రాంతీయ నేపథ్యం:
బళ్లారి జిల్లాలో ఉండిన ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర అవతరణతో కర్నూలు జిల్లాలో చేరింది. ఆదోని పత్తి వ్యాపారానికి, ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. మాచాని సోమప్ప కృషితో ఎమ్మిగనూరులో 1938లో చేనేత సహకార సంఘం ఏర్పడింది. వర్షాధార సేద్యం దెబ్బతిన్న ఏడాది ఇక్కడి వ్యవసాయ కూలీలు మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోతారు.

రెండు వారాల తరువాత మళ్లీ రక్తమివ్వడమంటే వలసకూలీకి ఊరు తిరిగి రావడం, నేతకార్మికునికి ఒకపూట మగ్గం ఆపడం. ఈ పరిస్థితిలో రెండు నమూనాల నియమం ఒక్క నమూనాకే పరిమితమవుతుంది. స్లైడు పద్ధతిలో నిమిషాలలో ఫలితం వస్తుంది. సూక్ష్మజీవినే పట్టుకునే బ్లడ్ కల్చర్‌కు రోజులు పడుతుంది. అది కూడా సుమారు 60 శాతం కేసులనే గుర్తిస్తుంది. ముందే యాంటిబయోటిక్ వాడి ఉంటే ఆ అవకాశం ఇంకా తగ్గుతుంది.

4. పర్యవసానం:
పొరపాటు నిర్ధారణ వల్ల మలేరియా, డెంగీ వంటి అసలు జ్వరం మరుగునపడుతుంది. అనవసరంగా మందు వాడబడుతుంది. 1948లో టైఫాయిడ్ చికిత్సకు వచ్చిన క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ 1972లోనే కాలికట్‌లో ప్రబలింది. క్షయ నిర్ధారణకు వాడే ప్రతిరక్షక పరీక్షలను కేంద్రప్రభుత్వం 2012లో నిషేధించింది. విడాల్‌కు అటువంటి నిషేధం రాలేదు.

5. ముగింపు:
విడాల్ పరీక్షలోని పరిమితి దాని నియమంలోనే మొదటినుండి సూచితమై ఉంది. ఆ నియమాన్ని పాటించే వెసులుబాటు కూలికి, నేతకు లేనప్పుడు, ఒక్క ఫలితాన్ని తుదితీర్పుగా స్వీకరించడం శాస్త్రసమ్మతం కాదు. తొలిమోతాదు మందుకు ముందే కల్చర్‌కు రక్తం తీసి, రోగి ఎక్కడికి వలసపోయినా ఫలితాన్ని అందజేసే ఏర్పాటు ఈ ప్రాంతానికి ఎక్కువ ఉపయుక్తం.