సమ్మోహనాస్త్రం

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట అది. మా అబ్బాయి మాంత్రికుడు. మాంత్రికుడికి దక్కేవి కొన్ని మంత్రాలే. వాడు నిప్పులు కురిపించేది వదిలేసి, శత్రువును నిద్రపుచ్చేది, తోటివాళ్లను కాచేది ఎంచుకున్నాడు. ఎందుకురా అంటే, "అందరం బతికి బయటపడాలి కదా నాన్నా" అన్నాడు.

ఈ ఎంపిక మనకు పాతదే. 13వ శతాబ్దంలో తిక్కన గారు తన భారతాన్ని విరాటపర్వంతో మొదలుపెట్టారు. అందులో ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ముందు సారథిగా వెళ్లి, బెదిరిన ఉత్తరుడికి ధైర్యం చెప్పాడు. జమ్మిచెట్టు మీది ఆయుధాలు దింపించి పోరాడి, చివరకు సమ్మోహనాస్త్రం వేశాడు. విరుగుడు తెలిసిన భీష్ముడికి అది పట్టలేదు. స్పృహ తప్పినవారిని అర్జునుడు చంపలేదు. ఉత్తర బొమ్మల కోసం వాళ్ల పైబట్టలు మాత్రం తెప్పించాడు. 1963లో 'నర్తనశాల'లో మన కృష్ణా జిల్లా నిమ్మకూరు బిడ్డ ఎన్టీఆర్ బృహన్నలగా కనిపించి ఈ కథను ఊరూరా చేర్చారు.

మన బడి వార్షికోత్సవంలో ఈ ఘట్టం వేసినప్పుడు నేను అర్జునుడి వేషం అడిగాను. తెలుగు మాస్టారు తెర వెనుక మాటలందించే పని ఇచ్చారు. ఆ రాత్రి ఉత్తరుడికి నోరు పెగలకపోతే, నేనందించిన ఒక్క ముక్కతో నాటకం సాగింది. "సారథ్యమూ యుద్ధమేరా" అన్నారు మాస్టారు. అలక తీరక, నమస్కారమైనా పెట్టకుండా వెళ్లిపోయాను.

ఇంజనీరుగా నా ఉద్యోగమంతా ఆ మాట మీదే నడిచింది. మాస్టారూ, ఆనాటి నమస్కారం ఇప్పుడు అందుకోండి.