కొట్టము వద్ద పరీక్ష

వ్యవసాయ కుటుంబమునకు భూమి తరువాత చెప్పదగిన ఆస్తి పశువు. ఎద్దు కుంటిదైనచో ఆ యేటి సేద్యము చెడును. ఆవు వట్టిపోయినచో ఇంటి పిల్లలకు పాలు కరవగును. అట్టి ఆస్తిని కొనుట వస్త్రమును కొనుట వంటిది కాదు. వస్త్రము అంగడిలో ఎట్లుండునో ఇంటికి వచ్చిన పిమ్మటను అట్లే యుండును. పశువు మాత్రము సంతలో ఒక తీరుగను, ఇంటివద్ద మరియొక తీరుగను కనబడవచ్చును. అమ్మువారిలో కొందరు పాడిపశువును ముందటి పూట పిదుకక సంతకు తోలుకొని వత్తురు. పొదుగు నిండుగా కనబడును. కొన్నవాడు మూడవనాడు గాని నిజము తెలిసికొనజాలడు. అందుచేతనే తెలిసిన రైతు, వీలున్నంతవరకు, అమ్మువాని కొట్టమునకు స్వయముగా పోయి పశువును చూచి బేరమాడుట మేలని తలచెను.

ఈ జాగ్రత్త నేటిది కాదు. కొన్న సరుకును పరీక్షించుకొనుటకు మన ధర్మశాస్త్రములు ప్రత్యేకముగా గడువులు విధించినవి. యాజ్ఞవల్క్యస్మృతి ప్రకారము విత్తనములకు 10 దినములు, ఇనుమునకు 1 దినము, బరువు మోయు పశువులకు 5 దినములు, పాడిపశువులకు 3 దినములు పరీక్షాకాలము. నారదస్మృతియు పశువుల విషయమున ఈ గడువులనే చెప్పి, కొనువాడు ముందుగా తానే గుణదోషములను విచారింపవలెననియు, చూచి యొప్పుకొని కొన్నదానిని మరల అమ్మినవానికి అంటగట్టరాదనియు తీర్పు చేసినది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్యను వ్రాయగా, 13వ శతాబ్దమున కేతన ఆ వ్యాఖ్య ననుసరించి తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను.

ఈ గడువులను రైతు కంటితో చూచినచో వానిలోని లోకానుభవము తెలియును. మూడు దినము లనగా ఆరు పూటల పాలు. ఒక పూట నిలిపియుంచిన పాలు ఆరు పూటలు మోసగింపజాలవు. ఐదు దినములు కాడి మెడనుంచినచో ఎద్దు మొరాయించునో, కుంటునో, రొప్పునో బయటపడును. శాస్త్రకారుడు అంకెలు వేసినను, ఆ అంకెలు పొలమున పుట్టినవే యనిపించును.

కౌటిల్యుని అర్థశాస్త్రము మరియొక మెట్టు ముందునకు పోయినది. రోగముగల పశువును ఆరోగ్యముగలదని చెప్పి అమ్మినవానికి 12 పణముల దండన విధించినది. నాలుగుకాళ్ళ జంతువులను తిరిగి యిచ్చుటకు మూడు పక్షముల వరకు అవకాశ మిచ్చినది. చూచుకొనుట కొనువాని బాధ్యత, నిజము పలుకుట అమ్మువాని బాధ్యత యని దీని సారాంశము.

కొట్టము వద్ద కొనువాడు ఏమి చూచును? మొదట నోరు చూచును. పశువునకు ముందుపండ్లు క్రింది దవడనే యుండును, అవి యెనిమిది. సుమారు రెండేండ్లు దాటిన పిమ్మట పాలపండ్లు జతజతగా రాలి క్రొత్తవి వచ్చును గనుక వయస్సు దాచుట కష్టము. తరువాత గిట్టలు, మూపురము, గంగడోలు, కన్నులు, చర్మపు నిగనిగ, పొదుగు, చనుకట్లు చూచును. కొందరు సుడులను గూడ లెక్కింతురు. కాని సంతలో దొరకని సాక్ష్యము కొట్టములోనే దొరకును. గాడిలో మిగిలిన మేత, పేడ తీరు, ప్రక్కన కట్టిన తల్లి, తోడి దూడలు, ఆ పశువు ఇంటివారి పిలుపునకు తల త్రిప్పు విధము, ఇవన్నియు మాటలాడని సాక్షులు. పాలు పిదుకునది ఇంటి ఇల్లాలే యైనచో ఆమెను అడిగి తెలిసికొన్న దానికి మించిన ఆధారము లేదు.

ఆంగ్లేయుల పాలనలో ఈ విషయము లిఖితశాసనములోనికి ఎక్కినది. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము మోసమనగా నేమో వివరించుచు ఒక గుఱ్ఱమును ఉదాహరణముగా దీసికొన్నది. అమ్మువానికి గుఱ్ఱపు లోపము తెలియును. వేలములో అతడు ఊరకున్నాడు. అంతమాత్రమున అది మోసము కాదు. కాని కొనువాడు, "నీవు కాదనకున్నచో గుఱ్ఱము బాగుగా నున్నదని తలంతు" నని యడిగిన పిమ్మటను అమ్మువాడు ఊరకున్నచో ఆ మౌనము మాటతో సమానమగును. 1930 నాటి వస్తు విక్రయ చట్టము, ముందుగా చూడని సరుకును పుచ్చుకొన్న కొనుగోలుదారునకు దానిని పరీక్షించుకొను అవకాశము ఉండవలెనన్నది. కనుక కొట్టము వద్ద కన్ను ఎంత అవసరమో నోరును అంత అవసరము. అడుగని ప్రశ్నకు ఆలస్యముగా చింతించి లాభము లేదు.

ఇంటివద్ద చూచి కొను పద్ధతి ఒంగోలు గడ్డ పేరును సముద్రములు దాటించినది. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో నుండుటచే ఆ పశువులకు బ్రెజిల్ దేశమున నెలోరి యను పేరు స్థిరపడినది. 1960 తరువాతి తొలి యేండ్లలో ఆ దేశపు పశుపోషకులు ఇచ్చటికి వచ్చి మేలైన వృషభములను ఎంచుకొనిరి. అందొకటి ఒంగోలు దాపున నున్న కరవది గ్రామము పేరుతోనే అచ్చటి వంశావళులలో ప్రసిద్ధి కెక్కినది.

అయినను కంటికి కనబడని దొకటి గలదు, అది రోగము. 1920లో భారతదేశమునుండి బ్రెజిల్‌కు పోవుచున్న పశువులు బెల్జియమునందలి ఆంట్వెర్ప్ రేవులో దిగగా, వానినుండి రిండర్‌పెస్టు వ్యాధి ఆ దేశమున వ్యాపించెను. ఆ వ్యాధి సోకిన పశువు తొలిదినములలో చూచుటకు ఆరోగ్యముగానే యుండును. ఆ యుపద్రవము ఫలితముగా 1924లో 28 దేశములు పారిస్ నగరమున కూడి అంతర్జాతీయ పశువ్యాధి సంస్థను స్థాపించినవి. 1962లో బ్రెజిల్ వారు కొన్న పశువులను ముందుగా ఫెర్నాందో ది నొరోన్యా ద్వీపమున వేరుగా నుంచి, పిమ్మటనే తమ దేశమున ప్రవేశపెట్టిరి. రిండర్‌పెస్టు ప్రపంచమునుండి తొలగినట్లు 2011లో ప్రకటింపబడినది. గాలికుంటు మాత్రము ఇంకను ఉన్నది. అది చూడవచ్చినవారి చెప్పులకంటియు ఒక కొట్టమునుండి మరియొక కొట్టమునకు పోగలదు. కనుక కాళ్ళు కడిగికొని లోనికి వచ్చుటయు, కొన్న పశువును కొన్నాళ్ళు తక్కినవానికి దూరముగా కట్టివేయుటయు, టీకాల సంగతి విచారించుటయు నేటి పరీక్షలో భాగములే.

పూర్వులు గడువు నిచ్చిరి. చట్టము ప్రశ్నకు బలము నిచ్చినది. రోగభయము దూరము నేర్పినది. ఇవన్నియు ఉన్నను మొదటి మెట్టు అమ్మువాని చేతిలోనే యున్నది. కొట్టపు తలుపు తెరచి, పశువుతోపాటు దాని లోపమునుగూడ చూపిన రైతునకు ఆనాడు ధర కొంత తగ్గవచ్చును. మరుసటి యేడు దూడను అమ్మవలసి వచ్చినపుడు అతడు సంతకు పోనక్కరలేదు; కొనువారే ఇల్లు వెదుకుకొని వత్తురు.