ఫ్రాంచైజీ ఒప్పందం రద్దు: తీసుకున్నవారికి ఉన్న హక్కు ఏమిటి?

కంపెనీ పేరు, పద్ధతి వాడుకుంటూ మన పెట్టుబడితో మనం అంగడి నడపడమే ఫ్రాంచైజీ. టిఫిన్ సెంటరు, మందుల షాపు, కొరియర్ కౌంటరు వంటి వాటిలో మనవాళ్లు రిటైర్మెంటు డబ్బు, బంగారం కుదువపెట్టి తెచ్చిన డబ్బు పెడుతున్నారు.

ఒకాయన ఇంగ్లీషులో ఉన్న ఒప్పందం పట్టుకుని మా సంఘం ఆఫీసుకు వచ్చారు. నష్టం తట్టుకోలేక అప్పటికే షట్టరు దించేశారు. నోటీసు ఇవ్వలేదు. మిగిలిన గడువుకు కూడా రాయల్టీ కట్టమని కంపెనీ రాసింది. ఆ పరిస్థితి మరొకరికి రాకూడదని ఈ వివరాలు ఇస్తున్నాను.

మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టమే ఆధారం. కర్ణాటకలోనైనా యానాంలోనైనా ఇదే వర్తిస్తుంది. సంతకం చేశాక మనసు మారిందనో, వ్యాపారం సాగలేదనో రద్దు చేసుకునే హక్కు ఈ చట్టంలో లేదు. ముఖ్యంగా ఉన్నవి మూడు దారులు.

1. ఒప్పందంలోని షరతు: 'టర్మినేషన్' శీర్షిక కింద చూడండి. మీకు కూడా రద్దు చేసే వీలుందా, నోటీసు ఎన్ని రోజులు, 'లాక్-ఇన్' ఎంతకాలం అన్నవి అక్కడే ఉంటాయి.

2. మోసం, తప్పుడు సమాచారం: అబద్ధపు లెక్కలు నమ్మించి సంతకం చేయించుకుంటే సెక్షన్ 19 ప్రకారం రద్దు కోరవచ్చు. బ్రోషరు, వాట్సాప్ సందేశాలు దాచుకోండి. నిజం తెలిశాక కూడా ఊరుకుని వ్యాపారం సాగిస్తే ఈ హక్కు పోవచ్చు. రద్దు కోరే దావాకు గడువు, ఆ సంగతులు తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లు.

3. కంపెనీ మాట తప్పడం: తన బాధ్యత నెరవేర్చనని కంపెనీ పూర్తిగా మొండికేస్తే సెక్షన్ 39 ప్రకారం మీరు ఒప్పందం ముగించవచ్చు. ఒకసారి సరుకు ఆలస్యమైతే అది చాలదు. న్యాయంగా రద్దు చేసుకున్నవారికి సెక్షన్ 75 కింద నష్టపరిహారం కోరే హక్కు ఉంది.

డబ్బు సంగతి: ఒప్పందంలో జరిమానా ఎంత రాసినా, సెక్షన్ 74 ప్రకారం ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. రాసినదంతా కట్టాల్సిందేనని భయపడవద్దు.

తర్వాతి వ్యాపారం: ఒప్పందం నడుస్తుండగా పోటీ వ్యాపారం చేయరాదన్న షరతు చెల్లుతుందని కోకాకోలా, గుజరాత్ బాట్లింగ్ కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ముగిశాక కూడా చేయరాదంటే సెక్షన్ 27 కింద అది సాధారణంగా చెల్లదు. కంపెనీ పేరు, బోర్డు మాత్రం తీసేయాలి.

ఎక్కడ తేలుతుంది: ఆర్బిట్రేషన్ షరతు ఉంటే కోర్టు సాధారణంగా అక్కడికే పంపుతుంది. అది ఏ ఊళ్లో జరగాలని రాశారో చూడండి. ఆ షరతు లేకపోతే, 3 లక్షల రూపాయలు, ఆపైన విలువున్న తగాదాలు కమర్షియల్ కోర్టు పరిధిలోకి వస్తాయి. అత్యవసర ఉత్తర్వు అక్కర్లేని కేసుల్లో ముందు మీడియేషన్‌కు వెళ్లాలి.

షట్టరు దించే ముందే వకీలుకు కాగితాలు చూపించండి. ఒప్పందంలో ఉన్న చిరునామాకు కారణాలు రాసి నోటీసు పంపి, రసీదు దాచుకోండి. కొత్తగా తీసుకునేవారు ప్రతి పేజీనీ తెలుగులో చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం చేయండి.