ఇబ్రహీంపట్నము: తుఫాను వరదలు, జనరక్షణ సన్నాహము

ఇబ్రహీంపట్నము తెలంగాణమున రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గమున, నగరమునకు ఆగ్నేయముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న పురపాలక పట్టణము. విజయవాడ చెంత కృష్ణాతీరమున నున్న ఇబ్రహీంపట్నము వేఱు. సముద్రము ఇచ్చటికి సుమారు 250 కిలోమీటర్ల దూరమున నుండుటచేత, తుఫాను భయము కోస్తా ప్రజలదే గాని తమది కాదను తలంపు ఇక్కడివారిలో సహజముగా కలుగును. గాలికిని ఉప్పెనకును సంబంధించినంతవఱకు ఆ తలంపు సత్యమే. వానకు సంబంధించినంతవఱకు మాత్రము అది ప్రాణాంతకమైన భ్రమ.

బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము తీరము దాటిన పిదప తన గాలి వేగమును త్వరలోనే కోల్పోవును గాని, సముద్రము నుండి మోసికొనివచ్చిన తేమను అంత త్వరగా విడువదు. 2020 అక్టోబరు 13వ తేదీ ఉదయమున కాకినాడ సమీపమున తీరము దాటిన తీవ్ర వాయుగుండము, ఆ రాత్రికే హైదరాబాదు పరిసరములను ముంచెత్తి, ఘట్‌కేసర్ చెంత 32 సెంటీమీటర్లు, ఇబ్రహీంపట్నమునకు ఉత్తరపు పొరుగైన హయత్‌నగర్‌లో దాదాపు 30 సెంటీమీటర్లు వర్షమును ఒక్క దినములో కురిపించెను. వాతావరణ శాఖ లెక్కలో 20 సెంటీమీటర్లు మించిన దినవర్షము అత్యంత భారీ వర్షము. ఒక చదరపు కిలోమీటరు నేలపై ఒక్క సెంటీమీటరు వాన పడినచో అది కోటి లీటర్ల నీరగును. ముప్పది సెంటీమీటర్లు పడినచో ముప్పది కోట్ల లీటర్లు. రాతినేలయు, కొత్తగా పఱచిన సిమెంటు నేలయు ఇందులో త్రాగునది స్వల్పము. మిగిలినదంతయు పల్లమును వెదకికొనుచు పోవలసినదే.

అట్లాంటిక్ మహాసముద్రమున హరికేన్ అను పేర పిలువబడు తుఫానులకును ఇదే స్వభావము కలదు. 2024 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి ఫ్లోరిడా తీరము దాటిన హెలీన్, మరునాడు తీరమునకు వందల కిలోమీటర్ల లోపల, కొండల నడుమ నున్న ఆష్‌విల్ పట్టణమును వరదపాలు చేసెను. అదే మాసారంభమున, కళింగపట్నము వద్ద తీరము దాటిన వాయుగుండపు వానలకు మన ఖమ్మములో మున్నేరు పొంగి ఇండ్లను ముంచినది.

ఈ పట్టణమునకు పెద్ద నది లేదు, ఉన్నది చెరువు. 1550 నుండి 1580 వఱకు గోలకొండ నేలినవాడును, తెలుగు కవుల చేత మల్కిభరాముడని కీర్తింపబడినవాడును నైన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమునాటి పెద్ద చెరువు, వేయి ఎకరములకు మించిన విస్తీర్ణముతో నేటికిని నిలిచి యున్నది. అది చాల యేండ్లు ఎండియుండి, ఇటీవలి అధిక వర్షములకు మరల నిండినది. ఎండిన యేండ్లలో పుట్టి పెరిగినవారికి మత్తడి దూకిన నీరు ఏ దారిని పోవునో కన్నులార చూచి యెఱుగు అవకాశము కలుగలేదు. ఈ విస్మృతియే, నా అభిప్రాయమున, వాన కంటెను గొప్ప అపాయము. నీరు తన పాత దారిని మఱువదు, మనుష్యులు ఆ దారిలో ఇండ్లు కట్టుకొందురు.

తెలంగాణపు చెరువులు విడివిడిగా లేవు. మీది చెరువు మత్తడి క్రింది చెరువునకు పాఱునట్లు గొలుసుకట్టుగా నిర్మింపబడినవి. మీద నొక కట్ట తెగినచో ఆ నీరంతయు ఒక్కమాఱుగా క్రింది కట్టపై పడి దానిని గూడ త్రెంచును. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ధ్వంసము చేసి వేలాది ప్రాణములను బలిగొన్న పిదప, నిజాము ప్రభుత్వము పిలుపుపై వచ్చి పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, మూసీ పరీవాహక ప్రాంతమందలి 788 చెరువులలో 221 చెరువులకు గండ్లు పడినవని గుర్తించెను. 2020లో ఇదే రంగారెడ్డి జిల్లాలో గగన్‌పహాడ్ అప్ప చెరువు తెగి జాతీయ రహదారిని కోసివేయగా, కొలది దినములకే బాలాపూర్ గుఱ్ఱం చెరువు తెగి క్రింది బస్తీలను ముంచినది.

మట్టికట్ట తెగుటకు కారణములు కొన్నియే. మత్తడి పూడిపోయియో, దాని క్రింది కాలువ ఆక్రమింపబడియో నీరు పోవు దారి లేక కట్ట మీదుగా పొర్లుట వీనిలో ప్రధానమైనది. తూము ప్రక్కను, చెట్ల వేళ్ల వెంబడి, ఎలుక బొఱియల వెంబడి నీరు లోలోన తొలుచుకొని పోవుట రెండవది. కట్ట దిగువను తేటనీరు ఊరుట ఏండ్ల తరబడి కనబడునదే. ఆ ఊట బురదరంగు తిరిగినచో లోపలి మన్ను కదలుచున్నదని గ్రహించి, క్రిందివారిని తత్క్షణము ఖాళీ చేయింపవలెను. పూర్వము ఈ గుఱుతులను కనిపెట్టుచు, తూములు తెఱచుచు మూయుచు ఉండిన నీరటి వంటి ఉద్యోగి ఊరూర నుండెను. అతని స్థానమున నేడు కట్టను రాత్రింబవళ్లు కాచువారెవరో వానకాలమునకు ముందే నిర్ణయింపబడవలెను. పది హెక్టార్లకు మించిన చెరువు చుట్టును 30 మీటర్ల మేర కట్టడములు కూడదను నియమము కాగితముపై నున్నది. శిఖము (చెరువు గర్భపు) భూములలో ప్లాటు కొనువారు దానిని చదివినయెడల కొంత మేలు.

జనులను తరలించుట యందు తుఫాను మనకొక సౌకర్యము కలిగించును: వాయుగుండము పుట్టుక మొదలు దాని వానలు ఇచ్చటికి వచ్చువఱకు ఒకటి రెండు దినములైన గడువుండును. ఆ గడువును పగటివేళనే వినియోగింపవలెను; 2020 నాటి ఘోరవర్షము రాత్రివేళ వచ్చినదని మఱువరాదు. వాతావరణ శాఖ నుండి నారింజ, ఎఱుపు హెచ్చరికలు వెలువడినప్పుడు కట్ట క్రిందను, కాలువగట్లను నున్నవారిలో వృద్ధులను, పసిబిడ్డల తల్లులను, నెలలు నిండిన గర్భిణులను ముందుగా మెఱకనున్న బడికో, ఫంక్షన్ హాలుకో చేర్చవలెను. చెరువు దిగువనున్న భవనము ఎంత గట్టిదైనను ఆశ్రయముగా పనికిరాదు. పట్టాదారు పాసుపుస్తకము, ఆధార్, మందులు, టార్చిలైటు ఒక ప్లాస్టిక్ సంచిలో నుంచుకొని, పశువుల పలుపులు విప్పి బయలుదేఱవలెను. సెల్‌ఫోనులో వచ్చు హెచ్చరికతో పాటు మైకు ప్రచారమును, డప్పు చాటింపును ఉండవలెను. కరెంటు పోయిన రాత్రి ఫోను మూగవోవును.

ఊరు విడిచిపోవుటకంటె ఊరిలోని మెఱకకు చేరుటయే ఇచ్చట మేలు. వరదలలో అనేక మరణములు ఇంటిలో గాక దారిలో, లోలెవల్ వంతెనల మీదనే సంభవించుచున్నవి. మోకాలిలోతు ప్రవాహము బలవంతుని సైతము పడద్రోయును. రెండడుగుల నీరు కారును తేల్చి కొనిపోవును. వాగు పొంగినప్పుడు ఆవలి ఒడ్డు పని మరునాటికి వాయిదా వేయుట పిఱికితనము కాదు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ప్రకారము జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టరు అధ్యక్షుడు. రంగారెడ్డి కలెక్టరు కార్యాలయము 2022 నుండి ఇబ్రహీంపట్నము మండలమందలి కొంగరకలాన్‌లోనే కలదు. ఆపదవేళ పిలువవలసిన సంఖ్య 112. అయితే తొలి గంటలలో చేయూతనిచ్చువారు ఇరుగుపొరుగువారే. కావున ఈ పట్టణపు ప్రతి వాడవారు వచ్చు వానకాలమునకు ముందొక ఉదయమున, ఊరి వృద్ధులలో ఒకరిని వెంటబెట్టుకొని, మత్తడి నుండి కాలువ వెంబడి నడచి, నీటిదారిలో ఎవరి ఇండ్లున్నవో చూచి రావలసినదిగా కోరుచున్నాము.