రైలెక్కడానికి ఇంత దూరం రావాలా?

డిస్నీలాండ్‌కి వెళ్లొచ్చి రెండేళ్లయింది. ఆ ట్రిప్ నాకు నచ్చడం మొదలై మాత్రం ఏడాదే అవుతోంది.

మధ్యలో జరిగిందల్లా నేను కొంచెం చరిత్ర చదవడం. చదవకముందు ఆ రోజు గురించి ఎవరైనా అడిగితే "ఆఁ, పిల్లలు ఎంజాయ్ చేశారు" అని మాట మార్చేసేవాణ్ణి. ఎందుకు మార్చేవాణ్ణో చెప్పాలంటే ముందు మా నాయన గురించి చెప్పాలి.

నాయన బిట్రగుంట లోకోషెడ్డులో ఖలాసీగా చేరి ఫిట్టరయ్యాడు. నెల్లూరు, కావలి మధ్య రైల్లో వెళ్లేవాళ్లకి బిట్రగుంట ఒక స్టేషన్ పేరు, అంతే. ఆవిరి ఇంజన్ల కాలంలో అది పెద్ద షెడ్డున్న ఊరు. ఇంజన్లు వచ్చి నిలబడే రౌండ్ హౌస్, వాటిని తిప్పే టర్న్ టేబుల్, ఆంగ్లో ఇండియన్ల బంగళాలు, రైల్వే క్వార్టర్లు. రైలు కోసం పెరిగిన ఊరు. ఆవిరి పోయాక షెడ్డు పోయింది, నాయనకి బదిలీలు వచ్చాయి, మేం ఆయన వెనకాల ఊళ్లు తిరిగాం. నేను ఇంజనీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో పడి, చివరికి కాలిఫోర్నియాలో తేలాను. అమ్మానాయనా విజిటర్ వీసా మీద వస్తే అందరూ చేసేదే మేమూ చేశాం. కారేసుకుని ఆరు గంటలు డ్రైవ్ చేసి ఆనహైమ్ వెళ్లాం.

వెళ్లేముందు నేనొక స్ప్రెడ్‌షీట్ తయారుచేశాను. ఏ రైడ్‌కి ఏ గంటలో క్యూ తక్కువ, ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని నిమిషాల నడక, పిల్లల తిండి ఎప్పుడు, అన్నీ రంగులు వేసి పెట్టాను. ఆఫీసులో రిలీజ్ ప్లాన్‌కి కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. ఆ ప్లాన్ గేటు దాటిన 5 నిమిషాల్లోనే కూలిపోయింది. ఎందుకంటే డిస్నీలాండ్‌లో గేటు దాటగానే మొదట కనపడేది రైల్వే స్టేషన్.

నాయన ఆగిపోయాడు. తల పైకెత్తి పొగ చూశాడు. "స్టీమేరా!" అన్నాడు. ఇక ఆపేవాళ్లెవరు? పార్కు చుట్టూ మైలు పైచిలుకు దూరం తిరుగుతుంది ఆ రైలు. సరే, ఒక చుట్టు అనుకున్నాం. ఆయన దిగలేదు. రెండో చుట్టు. మధ్యలో ముక్కు ఎగబీల్చి, "ఇది బొగ్గు కాదబ్బయా, ఏందో నూనె. మిరపకాయ బజ్జీల బండి కాడికి వచ్చినట్టుండాది" అన్నాడు. నేను ఫోన్‌లో వెయిట్ టైములు చూసుకుంటూ ఊఁ కొట్టాను. మూడు. నాలుగు. నా షీట్‌లో ఎర్రరంగు పాకుతోంది. పిల్లలు స్పేస్ మౌంటెన్ అని ఏడుపు మొదలుపెట్టారు. నాలుగో చుట్టు అయ్యాక ప్లాట్‌ఫాం మీద, అందరి ముందూ, గొంతు పెంచి అన్నాను:

"రైలెక్కడానికి ఇంత దూరం రావాలా నాయనా? బిట్రగుంటలోనే ఎక్కుండొచ్చు కదా!"

ఆయన ఏమీ అనలేదు. దిగి, మెయిన్ స్ట్రీట్‌లో ఒక బెంచీ చూసుకుని అమ్మతో కూర్చున్నాడు. "మీరు పోయి రాండి, మేం ఈడుంటాం" అన్నాడు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. మేం రైడ్లన్నీ ఎక్కాం. షీట్ దాదాపు పూర్తయింది.

అమ్మానాయనా తిరిగి వెళ్లిపోయిన కొన్నాళ్లకి మా పెద్దమ్మాయి స్కూల్ పని కోసం "డిస్నీలాండ్ ఎందుకు కట్టారు?" అని అడిగింది. జవాబు వెతుకుతూ వెతుకుతూ మైకేల్ బ్రోగీ 1997లో వేసిన పుస్తకం దగ్గర తేలాను. వాల్ట్ డిస్నీకీ రైళ్లకీ ఉన్న సంబంధం గురించి ఒక మొత్తం పుస్తకం అది. రచయిత తండ్రి రోజర్ బ్రోగీ డిస్నీ స్టూడియో మెషీన్ షాప్ పెద్ద. అంటే ఆ కథలో సగం ఒక ఫిట్టర్ కథ.

వాల్ట్ డిస్నీ 1901లో షికాగోలో పుట్టాడు. 1906లో వాళ్ల కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలోని మార్సిలీన్ అనే చిన్న ఊరికి చేరింది. ఆ ఊరు ఎలా పుట్టిందో చదివినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. శాంటా ఫే రైల్వే తన లైను వేస్తూ, ఇంజన్లకీ సిబ్బందికీ మజిలీ కావాలని 1888లో వెలయించిన ఊరది. ఆవిరి ఇంజన్ ఆగకుండా ఎక్కువ దూరం పోలేదు. నీళ్లు కావాలి, బొగ్గు కావాలి, మనుషులు మారాలి. ఆ అవసరం ఎక్కడ పడితే అక్కడ ఊళ్లు మొలిచాయి. మార్సిలీన్ అంటే మిస్సోరీలో ఒక బిట్రగుంట. వాల్ట్ మామయ్య ఒకాయన ఆ లైన్లోనే ఇంజన్ డ్రైవర్.

వాళ్లు అక్కడున్నది నాలుగేళ్ల పైచిలుకే. తండ్రికి జబ్బుచేసి పొలం అమ్ముకున్నారు. 1911లో కాన్సస్ సిటీ వెళ్లారు. అక్కడ తండ్రి న్యూస్‌పేపర్ లైన్ ఒకటి కొన్నాడు. వాల్ట్ తెల్లవారుజామున మూడున్నరకి లేచి, మంచులో, ఇంటింటికీ పేపర్లు వెయ్యాలి. అలా ఆరేళ్లు. తండ్రి అతనికి జీతం ఇవ్వలేదు. ఏదో ఇంటికి పేపర్ వెయ్యడం మర్చిపోయినట్టు పెద్దయ్యాక కూడా పీడకలలు వచ్చేవని ఆయనే చెప్పుకున్నాడు. 1917 వేసవిలో మాత్రం రైళ్లలో పేపర్లు, మిఠాయిలు అమ్మే పని దొరికింది. లాభం పెద్దగా లేదు గానీ రైలు దొరికింది.

దశాబ్దాలు గడిచాయి. మిక్కీ మౌస్ వచ్చింది, స్నో వైట్ వచ్చింది, యుద్ధం వచ్చింది, స్టూడియోలో సమ్మె జరిగింది, అప్పులు పెరిగాయి. అలిసిపోయిన మనిషి 1948లో తన యానిమేటర్ వార్డ్ కింబల్‌ని వెంటబెట్టుకుని షికాగోలో జరుగుతున్న రైళ్ల ప్రదర్శన చూడ్డానికి వెళ్లాడు. తిరిగొచ్చాక ఆ ఆగస్టు చివర్లో ఒక ఆఫీసు నోట్ రాశాడు. ఒక చిన్న పార్కు, దానికో ఊరు, ఆ ఊరికో రైల్వే స్టేషన్. డిస్నీలాండ్‌కి మనకి దొరికే తొలి చిత్తుప్రతుల్లో అదొకటి. తర్వాత ఇంటి పెరట్లో ఎనిమిదో వంతు సైజు ఆవిరి రైలు వేసుకున్నాడు. దాని ఇంజన్ బ్రోగీ మెషీన్ షాప్‌లో తయారైంది. కొన్ని భాగాలు వాల్ట్ తన చేత్తోనే చేశాడు. లేతు మీద పని నేర్చుకున్నది అక్కడే. ఇంజన్‌కి భార్య లిలియన్ పేరు కలిసొచ్చేట్టు లిల్లీ బెల్ అని పేరు పెట్టాడు.

పార్కు పని 1954 జులైలో మొదలైంది. నారింజ, వాల్‌నట్ తోటలు కొట్టేసిన 160 ఎకరాలు. దాదాపు కోటీ 70 లక్షల డాలర్ల ఖర్చు. వాల్ట్ తన జీవిత బీమా మీద అప్పు తెచ్చాడు. ఏబీసీ టీవీ సంస్థ పెట్టుబడి పెట్టింది, బదులుగా వారం వారం ఒక కార్యక్రమం చేసిపెట్టాడు. పార్కు చుట్టూ ఎత్తైన మట్టికట్ట పోయించి దాని మీద రైలు పట్టాలు వేయించాడు. బయటి ఊరు లోపలికి కనపడదు. లోపలికి రావాలంటే ఆ పట్టాల కిందుగా సొరంగం దాటాలి. నేను స్ప్రెడ్‌షీట్‌లో "ట్రైన్ — ఆప్షనల్" అని రాసుకున్నది ఈ పార్కుకి ప్రహరీగోడ. ఇంకో సంగతి: పార్కులో ఈ ఆవిరి రైలు 1982 దాకా డిస్నీ కుటుంబపు సొంత కంపెనీ చేతిలోనే ఉంది.

1955 జులై 17, ఆదివారం ప్రారంభం. మా నాయన పుట్టిందీ ఆ సంవత్సరమే. ఆ రోజు మండిపోయే ఎండ. ఆహ్వానాలకి దొంగ నకళ్లు పుట్టి, పిలిచినదానికి రెట్టింపు పైగా, 28 వేలమంది దాకా వచ్చారు. ప్లంబర్ల సమ్మె వల్ల మరుగుదొడ్లా, తాగునీటి కుళాయిలా అని తేల్చుకోవాల్సొచ్చి, మరుగుదొడ్లు పూర్తి చేశారు. అప్పుడే పోసిన తారులో ఆడవాళ్ల హైహీల్స్ దిగబడ్డాయి. తిండి అయిపోయింది. ఇదంతా దేశమంతటా టీవీలో లైవ్. ముగ్గురు వ్యాఖ్యాతల్లో ఒకరు రోనాల్డ్ రీగన్. కంపెనీ లోపల ఆ రోజుకి 'బ్లాక్ సండే' అని పేరు. అయినా రెండు నెలలు తిరక్కుండా 10 లక్షలమంది వచ్చారు. ఇప్పుడా హైహీల్స్ కథని అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు. ఆ రోజు తారులో నిలబడ్డావిడ నవ్వి ఉండదు.

ఇక్కడే నాకు అసలు ప్రశ్న తగులుకుంది. మెయిన్ స్ట్రీట్ మార్సిలీన్ జ్ఞాపకం అంటారు. నిజానికి అందులో కళాదర్శకుడు హార్పర్ గాఫ్ పెరిగిన ఫోర్ట్ కాలిన్స్ అనే కొలరాడో ఊరు కూడా కలిసింది. భవనాల పై అంతస్తులు కింది అంతస్తు కన్నా చిన్నవిగా కట్టారు, ఎత్తుగా కనపడాలని. ఎప్పుడూ ఉత్సవమే. తెల్లవారుజామున మంచులో పేపర్లు వేసే పిల్లాడు ఆ వీధిలో లేడు. తండ్రి జబ్బు, అమ్ముకున్న పొలం లేవు. ఉంబెర్తో ఎకో, బోద్రియార్ లాంటివాళ్లు ఈ అసలును మించిన నకిలీ గురించి చాలా రాశారు. అవి చదివి ఒకప్పుడు నేను కూడా తెలివిగా తల ఊపాను. ఇప్పుడు మాత్రం ఒక మామూలు విషయం కనిపిస్తోంది. ఇంటికి తిరిగొచ్చాక మనమందరం చేసే పనే ఆయన 160 ఎకరాల్లో చేశాడు. బాగున్న నాలుగేళ్లు ఉంచుకుని, బాగోని ఆరేళ్లు తీసేశాడు.

దీని మీద పరిశోధనలు కూడా ఉన్నాయి. రాబర్ట్ సటన్ అనే ప్రొఫెసర్ 1992లో తన కుటుంబం డిస్నీలాండ్ వెళ్లిన అనుభవం మీదే ఒక వ్యాసం రాశాడు. ఫొటోలు చూసుకుంటూ పోతే ఆ రోజు పడ్డ చిరాకు ఎలా కరిగిపోతుందో అందులో చెప్పాడు. 1997లో టెరెన్స్ మిచెల్, లీ థాంప్సన్ బృందం యూరప్ యాత్ర, సెలవులు, సైకిల్ యాత్ర చేసినవాళ్లని ముందూ, మధ్యలో, తర్వాతా అడిగి చూసింది. మధ్యలో ఉన్నప్పటి కన్నా ముందూ తర్వాతా బాగుందన్నవాళ్లే ఎక్కువ. 2002లో ఇంకో బృందం డిస్నీ పార్కు ప్రకటనలో బగ్స్ బన్నీని పెట్టి చూపించింది. చిన్నప్పుడు అక్కడ బగ్స్ బన్నీతో చేయి కలిపామని కొందరికి నమ్మకం పెరిగింది. బగ్స్ బన్నీ వార్నర్ వాళ్ల బొమ్మ, అక్కడ ఉండే అవకాశమే లేదు.

అంటే ఈ ఏడాదిగా ఆ ట్రిప్ నాకు నచ్చుతోందంటే నేను నమ్మొచ్చా? చరిత్ర తెలియడం వల్ల నచ్చుతోందా, లేక నేను కూడా నా మెయిన్ స్ట్రీట్ కట్టుకుని ప్లాట్‌ఫాం మీది మాటని తీసేస్తున్నానా?

ఫొటోలు తీసి చూశాను. ఒకదాంట్లో నాయన ఇంజన్ పక్కన నిలబడి సిలిండర్ వైపు వేలు చూపిస్తున్నాడు. ఇంజన్ మీద 3 అని అంకె. వెతికితే తెలిసింది, దాని పేరు ఫ్రెడ్ గర్లీ. 1894లో బాల్డ్విన్ కంపెనీ చేసింది. లూసియానాలో చెరకు లాగిన ఇంజన్. అంతా నకిలీ అనే ఆ చోట అసలు సిసలు పాతది ఏదైనా ఉందంటే అది. రోజంతా తిరిగిన మా ఐదుగురిలో దాన్ని గుర్తుపట్టింది ఆయనొక్కడే. ఇంకొంచెం చదివితే ఇదీ ఉంది: 2009 నుంచి ఆ ఇంజన్లు నడిచేది రిసార్ట్ వంటగదుల్లో వాడేసిన నూనెతో చేసిన బయోడీజిల్ మీద. బజ్జీల బండి వాసన!

ఆ వారం ఫోన్ చేసినప్పుడు ముందు అదే చెప్పాను. "చెప్పలా నేను?" అన్నాడు. గొంతులో షెడ్డు ఫిట్టర్ పలికాడు. 1894 అనేసరికి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ధైర్యం చేసి అడిగాను. "నాయనా, ఆ రోజు ప్లాట్‌ఫాం మీద నేను నిన్ను అట్టా అనుండకూడదు."

"ఏమన్నావు?"

నేను చెప్పలేకపోయాను. ఆయనే అందుకున్నాడు. "నాలుగు చుట్లు తిప్పావు గదా అబ్బయా. ఈడ అందరికీ అదే చెప్పుకుంటుండా."

మర్చిపోయాడా, నాకు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా కాపాడుతున్నాడా? సటన్ వ్యాసంలో దానికి జవాబు లేదు. వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది: "ఆయనకి అన్నీ గుర్తుంటాయి రా."

నాయన ఆ మాట విననట్టే ఉన్నాడు. "అవునూ, అన్నేళ్ల ఇంజనంటే బాయిలర్ మార్చుంటారు గదా, ఎప్పుడు మార్చారో కనుక్కో" అన్నాడు.

కనుక్కుంటున్నాను.