కెంటే గళ్లు, చీరాల గళ్లు: నేసిన చేతి పేరెక్కడ?

పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, నలుపు గళ్ల హుడీలు, టోపీలు, స్నీకర్లు ఇప్పుడు సోమందేపల్లె కుర్రాళ్ల ఫోన్లలోనూ కనిపిస్తున్నాయి. ఆ గళ్ల పేరు కెంటే. ఘనాలో అసాంటే, ఎవే జాతుల నేతగాళ్లు సన్నటి మగ్గం మీద నాలుగంగుళాల వెడల్పు పట్టీలు నేసి, వాటిని పక్కపక్కన కుట్టి చేసే బట్ట అది. ఒక్కో నమూనాకు ఒక్కో పేరుంటుంది. ఒకప్పుడు బయటినుంచి వచ్చిన పట్టుబట్టను విప్పి, ఆ దారంతోనే కొత్త నేత నేసేవారు.

అమెరికాలో నల్లజాతి ఉద్యమాలు కెంటేను ఆత్మగౌరవ చిహ్నంగా భుజాన వేసుకున్నాయి. నల్లజాతి విద్యార్థులు పట్టా అందుకునే రోజు ఆ కండువా ఉండాల్సిందే. 2021 జనవరిలో లూయీ విటాన్ మగవాళ్ల దుస్తుల ప్రదర్శనలో, ఘనా మూలాలున్న డిజైనర్ వర్జిల్ అబ్లో కెంటేను కంపెనీ ముద్రతో చూపాడు. వీధి ఫ్యాషన్‌లో అది పెద్ద మలుపే. కానీ మన ఫోన్లలో కనిపించే హుడీ సాధారణంగా నేత కాదు, అచ్చు. మగ్గానికి దాంతో సంబంధం లేదు.

అయితే ఆఫ్రికాకీ తెలుగు మగ్గానికీ ఉన్న సంబంధం చాలా పాతది. చీరాల ప్రాంతంలో నేసిన గళ్ల బట్ట ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ పేరుతో నైజీరియాకు ఎగుమతి అయ్యేది. నైజర్ డెల్టాలోని కలబారి జాతి దాన్ని ‘ఇంజిరి’ అంటుంది. పుట్టుకలోనూ, చావులోనూ ఆ గుడ్డ ఉంటుంది. కలబారి స్త్రీలు అందులోని దారాలను ఏరి కోసి, లాగేసి, ‘పెలెటె బిటె’ అనే కొత్త బట్టగా మార్చుకున్నారు. మనం నేసినదాన్ని వాళ్లు తమదిగా చేసుకున్న తీరు ఇది. ఇందులో చేదు చరిత్ర కూడా ఉంది. కోరమాండల్ తీరంలో కొన్న బట్టలనే ఐరోపా వర్తకులు పశ్చిమ ఆఫ్రికాలో మనుషుల్ని బానిసలుగా కొనడానికి మారకంగా వాడారు.

ఆ తెలుగు నేతలో మాలల చేయీ ఉంది. తెలుగు జిల్లాల్లో మాలలు ముతక నూలు బట్ట నేసేవారని బ్రిటిష్ కాలపు కులవివరణ గ్రంథాలే రాశాయి. నేడు చేనేత అనగానే పద్మశాలి, దేవాంగ పేర్లే వినిపిస్తాయి. మాల మగ్గం ఎక్కడ పోయిందని అడిగేవారు తక్కువ. 

చట్టాల సంగతికొస్తే, 1985 రెండుచోట్లా ముఖ్యమైన ఏడాది. ఘనా తన కాపీరైటు చట్టంలో జానపద కళారూపాలను చేర్చింది, కెంటే నమూనాలతో సహా. భారత్ చేనేత రిజర్వేషన్ చట్టం తెచ్చింది. అందులో ఇప్పుడు మిగిలినవి 11 రకాలు. జరీ అంచు పట్టుచీరలు నేసే ధర్మవరం చుట్టుపక్కల మరమగ్గాల నకళ్ల మీద నేతగాళ్ల ఫిర్యాదులు మాత్రం ఆగలేదు.

2024 డిసెంబరులో యునెస్కో కెంటే నేతను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ధర్మవరం పట్టుచీరకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు ఊరికి దక్కింది. సొంత మగ్గం లేక, యజమాని ఇచ్చిన పట్టుతో కూలికి నేసే మనిషి పేరు చీర మీద ఉండదు. అతని కులమేదో, కూలి ఎంతో, ఆ చీర కట్టుకునేవాళ్లకూ తెలియదు.