ఆ నలభై అయిదు నిమిషాలు

2020 మార్చి 13, శుక్రవారం. ఉదయం 9:15కి మార్కెట్ తెరిచారు. అయిదు నిమిషాలు గడిచాయో లేదో, దేశమంతటా టెర్మినళ్లలో అంకెలు కదలడం మానేశాయి. నిఫ్టీ 8,624 దగ్గర నిలిచిపోయింది. ముందురోజు ముగింపుకంటే 966 పాయింట్లు తక్కువ. సూచీ పది శాతం పడితే ట్రేడింగ్ ఆపేయాలన్నది నిబంధన; దాన్నే సర్క్యూట్ అంటారు. 2008 జనవరి తర్వాత దాన్ని వాడాల్సి రావడం అదే మొదలు.

మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించింది. 12న సెన్సెక్స్ 2,919 పాయింట్లు పోగొట్టుకుంది. ఆ రాత్రి న్యూయార్క్‌లో డౌజోన్స్ దాదాపు పది శాతం కూలింది. 1987 తర్వాత దానికి ఒక్కరోజులో అంత దెబ్బ తగల్లేదు.

భయపడి అందరూ అమ్మేశారు కాబట్టి 13న మార్కెట్ పడిందంటారు. అది సగం నిజమే. ఆ ఉదయం చాలామందికి అమ్మడం తప్ప గత్యంతరం లేదు. పది లక్షల విలువైన ఫ్యూచర్స్‌ను లక్షన్నర మార్జిన్‌తో ఒకతను కొన్నాడనుకుందాం. పది శాతం పడేసరికి లక్ష హరీ. బ్రోకర్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది: “డబ్బు వేస్తారా సార్, పొజిషన్ కట్ చేసేయమంటారా?” వెయ్యకపోతే వాళ్లే అమ్మేస్తారు, ఏ రేటు దొరికితే ఆ రేటుకి. ఆ అమ్మకంతో ధర ఇంకాస్త దిగుతుంది. దాంతో మరొకరి ఫోన్ మోగుతుంది. ఫలానా రేటుకు పడితే అమ్మెయ్యమని స్టాప్‌లాస్ పెట్టాం కదా అని ధీమాగా ఉన్నవాళ్లకూ ఒరిగిందేమీ లేదు. పెట్టుకున్న రేటుకు చాలా కిందే మార్కెట్ తెరుచుకుంది.

మరి పడుతుందని ముందే అమ్మి, తర్వాత కొందామని షార్ట్ చేసినవాళ్లు? లాభం తెరమీద కనిపిస్తోంది, కానీ తాళం వేసిన కొట్లో సరుకులా ఉంది. తిరిగి కొంటేగాని అది చేతికి రాదు. ఈలోగా అమెరికా ఫ్యూచర్స్ కోలుకోవడం మొదలెట్టాయి. నిన్నటిదాకా నవ్విన మొహాల్లో ఇప్పుడు కంగారు.

నలభై అయిదు నిమిషాల విరామం ముగిసి 10:05కి ప్రీ ఓపెన్, 10:20కి మామూలు ట్రేడింగ్. షార్ట్‌లు కవర్ చేసుకోవడానికి ఎగబడ్డారు. నగదు దాచుకున్నవాళ్లూ దిగారు. ఆ ఉదయం 29,389 దాకా జారిన సెన్సెక్స్ 34,103 దగ్గర ముగిసింది. ముందురోజు మీద 1,325 పాయింట్ల లాభం! ఉదయం కొంత బలవంతపు అమ్మకమైతే, మధ్యాహ్నం కొంత బలవంతపు కొనుగోలు. ఆ సాయంత్రం గండం గడిచిందనుకున్నవాళ్లకు ఈ రెండో సంగతి పట్టినట్టు లేదు.

మార్చి 23, సోమవారం. ఆ రోజు నుంచే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మార్జిన్లు పెంచింది, పొజిషన్లపై పరిమితులు బిగించింది. అయినా ఉదయం పదింటిలోపే మళ్లీ సర్క్యూట్, మళ్లీ నలభై అయిదు నిమిషాల విరామం. ఈసారి తెరిచాక కూడా పతనం ఆగలేదు. 3,935 పాయింట్లు, అంటే 13 శాతం పోయి, సెన్సెక్స్ 25,981కి చేరింది. ముగింపు లెక్కన ఆ ఏడాదికి అదే అడుగు. మర్నాడు సూచీ 693 పాయింట్లు లేచింది. కానీ అప్పు మీద ఆడినవాళ్లలో చాలామందికి అప్పటికి కొనడానికి డబ్బు మిగల్లేదు.